ఆపరేషన్‌కు ముందు రక్తహీనత – మన కర్తవ్యం



మన కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ నిశ్చయమైతే సెలవును గురించి, సొమ్మును గురించి, తోడుండే మనిషిని గురించి ముందుగా ఆలోచిస్తాము. రక్తం సంగతి చివరి దినాన గాని తలపునకు రాదు. మేము నేడు మనవి చేయదలచినది ఈ విషయమే.

దేహమంతటికీ ప్రాణవాయువును చేరవేసేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది డెసిలీటరుకు పురుషులలో 13 గ్రాములకు, గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏండ్ల స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం మంది రక్తహీనులు.

రక్తహీనతతో ఆపరేషన్‌కు వెళ్లినవారికి రక్తం ఎక్కించవలసిన అవసరం, ఇన్‌ఫెక్షన్లు, ఆసుపత్రిలో గడిపే దినాలు, ప్రాణాపాయం కూడ అధికమని పరిశోధనలు తెలుపుతున్నవి. మొలలు, అధిక ఋతుస్రావం, కడుపులో పుండు వంటి కారణమేదో కనుగొనడానికి వ్యవధి కావలెను. ఇనుము మాత్రలు ఫలించడానికి వారాలు పడుతుంది. ముందునాటి పరీక్షతో ఇవేవీ సాధ్యం కావు.

కనుక అత్యవసరం కాని ఆపరేషన్ నిర్ణయమైన నాడే రక్తపరీక్ష జరపడం రైల్వే ఆసుపత్రులలోను, తపాలా కుటుంబాలు ఆధారపడే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలోను నియమం కావాలని కోరుతున్నాము. ప్రతి సభ్యుడు, సభ్యురాలు తమ వైద్యుని ఈ మాట అడగవలెను. బండి కదలక ముందే బ్రేకులు పరీక్షించే మనకు ఈ న్యాయం కొత్తది కాదు.