బళ్లారి తరగతిగది నుండి సౌరపవనము దాక
(మన సంఘ వార్షిక సభలో, కళాశాలలకు వెళ్లనున్న విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



సభ ప్రారంభమగుటకు ముందు ఒక తల్లి మమ్ము నిట్లడిగినది: "అయ్యా, మా అమ్మాయి ఫిజిక్సు చదువుతానంటున్నది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. ఇన్ని భాషల నడుమ నలిగిన పిల్లకు అంత పెద్ద చదువు వస్తుందా? వచ్చినా అన్నం పెడుతుందా?" ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. ఒక జీవితమును మీ ముందుంచి వానికి సమాధానము చెప్పదలచితిమి.

ఉడుపి రామచంద్రరావుగారు 1932 మార్చి 10వ తేదీన ఉడుపి సమీపమందలి అదమారు గ్రామమున జన్మించిరి. ఇంటర్మీడియట్ చదువునకై వారు ఈ బళ్లారికే వచ్చి వీరశైవ కళాశాలలో చేరిరి. పిదప బి.యస్‌సి. అనంతపురము ప్రభుత్వ కళాశాలలోను, ఎం.యస్‌సి. 1953లో కాశీ హిందూ విశ్వవిద్యాలయములోను పూర్తిచేసిరి. తుళు, కన్నడ సీమ నుండి తెలుగు సీమకు, అచ్చటి నుండి హిందీ సీమకు, ఆపైన గుజరాతీ సీమకు వారి ప్రయాణము సాగెను. అడుగడుగునకు ఊరు మారినది, వీధిలో వినవచ్చు భాష మారినది. చేతిలోని భౌతికశాస్త్రము మాత్రము మారలేదు.

అహమ్మదాబాదునందు విక్రమ్ సారాభాయిగారు 1947లో స్థాపించిన భౌతిక పరిశోధనాలయములో రావుగారు వారికి శిష్యులై విశ్వకిరణములను గూర్చి పరిశోధించి, 1960లో డాక్టరు పట్టమును పూర్తిచేసిరి. విశ్వకిరణములనగా అంతరిక్షము నుండి మహావేగముతో వచ్చిపడు సూక్ష్మకణములు. వానిలో అధికభాగము ప్రోటానులు. అవి మన వాయుమండలమును తాకగనే ఇతర కణములను పుట్టించును. నేలమీది పరికరమునకు చిక్కునవి చాలవరకు ఆ సంతతియే. కావున భూమిపై కూర్చుండి వానిని కొలుచుట, గోడ కావలి సంభాషణను చెవియొగ్గి వినుట వంటిది. వాని తీవ్రత పగటికి రాత్రికి కొంత మారును. సూర్యుని పదునొకండేండ్ల ఆవృత్తితో మరికొంత మారును. ఈ మార్పులకు మూలము నెరుగవలెనన్న గాలిని, భూమి అయస్కాంత క్షేత్రమును దాటి పరికరమును పంపవలెను. 1957లో స్పుత్నిక్ ఆ ద్వారమును తెరచెను.

1961లో రావుగారు అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక సంస్థకు వెళ్లిరి. మరుసటి సంవత్సరము ఆగస్టులో శుక్రగ్రహము దెసకు బయలుదేరిన మారినర్-2 నౌక, సూర్యుని నుండి నిరంతరము వీచు కణప్రవాహమును దారిపొడుగున కొలిచెను. దీనినే సౌరపవనమందురు. సెకనుకు కొన్ని వందల కిలోమీటర్లు దాని వేగము. ఆ వేగమునకును, విశ్వకిరణముల మార్పులకును, భూమి అయస్కాంత కల్లోలములకును గల సంబంధమును స్నైడర్, నాయిగెబావర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులతో కలసి రావుగారు 1963లో ప్రకటించిరి. అప్పటికి వారి వయస్సు 31 సంవత్సరములు. పిమ్మట టెక్సాస్‌లో నుండి పయొనీర్ నౌకలపై విశ్వకిరణ ప్రయోగములు నిర్వహించి, 1966లో స్వదేశమునకు తిరిగి వచ్చిరి.

1972లో ఉపగ్రహ నిర్మాణభారము వారిపై పడెను. బెంగుళూరు పీణ్యలోని రేకుల షెడ్లలో 360 కిలోల ఆర్యభట రూపొందినది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టు దానిని కక్ష్యకు చేర్చెను. కొలది దినములకే ప్రయోగములకు విద్యుత్తు నిలిచిపోయెను. అయినను మన చేతులతో ఉపగ్రహమును నిర్మించి నడపవచ్చునని తేలిపోయినది. 1979లో భాస్కర దాని వెంట వచ్చెను. 1984 నుండి 1994 వరకు రావుగారు ఇస్రో అధ్యక్షులుగా నుండిరి. 2017 జూలై 24న దివంగతులైరి.

ఇక ఆ తల్లి ప్రశ్నలు. పలు భాషల నడుమ పెరిగిన బిడ్డకు శాస్త్రము రాదనుట నిరాధారము. అయితే ఇంటి తెలుగును విడువవద్దని మా మనవి. సౌరపవనమనగా నేమో మీ అవ్వకు తెలుగులో బోధపరచగలిగిన నాడే అది మీకు నిజముగా తెలిసినదని గ్రహింపుడు.

అన్నము మాట దాచకుండ చెప్పెదము. ఇది దీర్ఘమార్గము. రావుగారికే ఎం.యస్‌సి. నుండి డాక్టరు పట్టమునకు ఏడేండ్లు పట్టెను. నేడు బి.యస్‌సి. పిదప జామ్ పరీక్ష వ్రాసి ఐ.ఐ.టి.లలో ఎం.యస్‌సి. చేయవచ్చును, జెస్ట్, నెట్ వంటి పరీక్షల ద్వారా పరిశోధనాలయములలో చేరవచ్చును. చేరినవారికి నెలనెల భృతి లభించును. కాని స్థానములు కొద్ది, పోటీ అధికము. అందరును ఉపగ్రహములు నిర్మింపజాలరు. ఆ దారిలో నేర్చిన గణితము, ఎలక్ట్రానిక్ పరికరముల పని, కంప్యూటరు లెక్క మాత్రము బోధనకైనను, పరిశ్రమకైనను అక్కరకు వచ్చును. తలిదండ్రులు ఈ నిజము నెరిగి అనుమతింపవలెను. పిల్లలు ఈ నిజము నెరిగి కోరవలెను.

2023 సెప్టెంబరు 2న తెలుగు తీరమందలి శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 సూర్యుని పరిశీలింప బయలుదేరెను. అందు సౌరపవనమును కొలుచు పరికరములలో నొకటి, రావుగారు విద్యార్థిగా నుండిన ఆ అహమ్మదాబాదు పరిశోధనాలయములోనే తయారైనది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలచిన ఆ నౌక పంపు అంకెలను చదువుటకు క్రొత్త కన్నులు కావలెను. అవి మన యింటి పిల్లలవి ఏల కారాదు?

భౌతికశాస్త్రము చదివిన పెద్దలు తమ పాతపుస్తకములను సంఘ గ్రంథాలయమున కొసగి, ఆదివారము ఒక గంట పిల్లలతో కూర్చుండవలెనని ప్రార్థించుచు, సెలవు గైకొనుచున్నాము.