విశాఖ దంతపు పని

మేము చోడవరమువారము. స్వయంభూ విఘ్నేశ్వరుని నీడలో పెరిగినవారము గనుక దంతమన్న మాటకు మా చెవులు నిక్కుట సహజము.

ఉత్తరమున బేరింగు జలసంధి తీరపు వేటగాండ్రు సుమారు 2000 ఏండ్ల క్రిందట వాల్రసు అను సముద్రజంతువు కోరలతో బల్లెపు మొనలు చేసి, వానిపై వెండ్రుకవంటి గీతలు చెక్కిరి. అట్టి గీతయే విశాఖపట్టణమునకును కీర్తి తెచ్చినది. 18వ శతాబ్దిలో ఇచ్చటి పనివారు కుర్చీలకు, బీరువాలకు, పెట్టెలకు ఏనుగు దంతపు రేకులు తాపి, తీగలు, పూలు, మేడలు గీసి, ఆ గీతలలో నల్లని లక్క నింపెడివారు. కొన్నవారు పెక్కురు ఆంగ్లేయులు; కావున నేడవి చూడగోరువారు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమునకు పోవలెను!

వాల్రసును వేటాడినవాడు దాని మాంసము తినెను, తోలును వాడుకొనెను, పిదప కోరను చెక్కెను. పెట్టె సొగసునకై ఏనుగు చచ్చుట వేరు మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1986లో సవరించి దంతపు వ్యాపారమును నిషేధించిరి. అది న్యాయమే యని మా మతము. ఆ చేతి నేర్పు పోయినందుకు మాత్రము మనసు చివుక్కుమనును.

లక్క మిగిలినది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో తరిమెనపై గిరగిర తిరుగు అంకుడు కొయ్యకు లక్క కణికను అదిమిన, ఆ రాపిడి వేడికే కరగి రంగై అంటుకొనును.