ఉప్పునీటి తొట్టికి నురగ గొట్టం

పప్పు ఉడికేటప్పుడు పైకి పొంగే నురగను గరిటెతో తీసి పారేయడం మనందరికీ అలవాటే. సముద్రపు చేపలను పెంచే తొట్టికి కావలసినదీ అటువంటి పనే. అందుకు వాడే సాధనం పేరు ప్రోటీన్ స్కిమ్మర్. అక్రిలిక్ గొట్టంతో దీనిని మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు.

చెన్నైలో కొళత్తూరు రంగుచేపల అంగళ్లకు వెళ్లేవారికి తెలిసే ఉంటుంది, మంచినీటి చేప కాస్త మురికిని ఓర్చుకుంటుంది. సముద్రపు చేపకు అంత ఓర్పు లేదు. తినగా మిగిలిన మేత, చేపల మలం కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, చేపలు చస్తాయి. స్కిమ్మర్ ఆ మురికిలో చాలా భాగాన్ని కుళ్లకముందే బయటికి తోస్తుంది. ఒకసారి పుట్టిన అమ్మోనియాను మాత్రం తీయలేదు. కనుక అప్పుడప్పుడు నీరు మార్చే పని మీకు తప్పదు.

ప్రోటీనుల వంటి పదార్థాలు గాలిబుడగ పైపొరకు అంటుకుని దానితోపాటు పైకి లేస్తాయి. ఒడ్డున అలలు విరిగేచోట కనిపించే నురగ కూడా ఇటువంటిదే. బుడగ వ్యాసం సగమైతే, అంతే గాలికి ఉపరితలం రెట్టింపవుతుంది. పైగా చిన్న బుడగ నిదానంగా లేస్తుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. మామూలు ఎయిర్ స్టోన్ బుడగలు పెద్దవి. సన్నని రంధ్రాలుగల చెక్క ఎయిర్ స్టోన్ కొనండి. కొన్ని వారాలకు అది పూడుకుపోతుంది, మార్చాలి.

4 అంగుళాల వ్యాసం, 2 అడుగుల పొడవు ఉన్న గొట్టం తీసుకుని, అడుగున పలక అతికించండి. చెక్క ఎయిర్ స్టోన్ అడుగున ఉండాలి. నీరు పైభాగంలో ప్రవేశించి కిందికి దిగాలి. బుడగలకు ఎదురు నడవాలి. అడుగున బయటికి వచ్చే పైపును గొట్టం పక్కనే పైకి లేపి, చివర ఒక వాల్వు పెట్టండి. లోపలి నీటిమట్టం దానితోనే కుదురుతుంది. పైమూతలో 2 అంగుళాల మెడ, మెడ చుట్టూ గిన్నె. నురగ మెడలో పాకి గిన్నెలో పడుతుంది. రాగి, ఇత్తడి బిగింపులు మాత్రం వద్దు. రాగి కరిగితే రొయ్యలు, నత్తలు బతకవు.

అతుకు దగ్గర తొందర పనికిరాదు. అద్దంమీద గరుకు కాగితం పరచి గొట్టం అంచును సమంగా అరగదీయండి. అక్రిలిక్ బోర్డులు చేసేవారు వాడే ద్రావకాన్ని సూదితో సందులో వదిలితే అదే పాకుతుంది. ఆ ఆవిరి హానికరం, ఆరుబయట చేయండి, దగ్గర్లో నిప్పు ఉండరాదు. ఒక రోజు ఆరనిచ్చి, స్నానాలగదిలో మంచినీరు నింపి రాత్రంతా ఉంచండి. మంచినీటిలో నురగ సరిగా రాదు, నిరాశపడవద్దు. ఆ పరీక్ష కారడం చూడటానికే.

తొట్టికి తగిలించాక మొదటి కొద్ది రోజులు నురగ అంతంతమాత్రమే. తరువాత గిన్నెలో చిక్కటి కాఫీ డికాషన్ రంగు ద్రవం చేరుతుంది. దాని కంపు చూస్తే చేపలు ఎందులో ఈదుతున్నాయో తెలుస్తుంది! పల్చగా నీళ్లలా వస్తే నీటిమట్టం కాస్త దించండి. మెడలో జిడ్డు పేరుకుంటే నురగ చచ్చిపోతుంది, వారానికి రెండుసార్లు తుడవండి.

ఇక కరెంటు పోయినప్పటి సంగతి. గొట్టంలోని నీరు పంపు ద్వారా కింది తొట్టిలోకి దిగిపోవచ్చు, అందులో అంత చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ఎయిర్ పంపును నీటిమట్టానికి ఎత్తులో పెట్టండి, లేదా గాలి గొట్టానికి నాన్‌రిటర్న్ వాల్వు బిగించండి. లేకుంటే ఉప్పునీరు వెనక్కి పాకి పంపులోకి, అక్కడినుండి ప్లగ్గు దాకా వస్తుంది.