కార్డు చేతిలో ఉండగా పాలసీ ఎందుకు?

(తర్లగూడలో మన బ్యాంకు సిబ్బందికి, వారి కుటుంబ సభ్యులకు, బ్యాంకు మిత్రలకు ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం ప్రభుత్వ ఆరోగ్య బీమాలో వస్తున్న మార్పులు. వాటిని ఈ రోజు ప్రైవేటు బీమా బ్రోకర్ల వైపు నుంచి చూద్దాం. ప్రభుత్వం ఉచితంగా వైద్యం ఇస్తుంటే బ్రోకర్ల బాధ మనకెందుకు అని మీరు అడగవచ్చు. కౌంటర్ దగ్గర కూర్చుని బీమా అమ్మేది మనమే కాబట్టి, వాళ్ల ఇబ్బందులూ ప్రశ్నలూ చాలావరకు మనవి కూడా.

ఈ మాట తర్లగూడలో చెప్పుకోవడం సబబుగా ఉంటుంది. ఊరు ఛత్తీస్‌గఢ్‌ది, వీధిలో వినపడేది తెలుగు. కాస్త ముందుకు పోతే తెలంగాణలోని వాజేడు మండలం. మిరపకాయలు ఏరడానికి ఇక్కడివాళ్లు అటు పోతారు. జబ్బు చేస్తే కొందరు ఇటు బీజాపూర్, జగదల్‌పూర్ వెళ్తారు, కొందరు అటు ఏటూరునాగారం, వరంగల్ వెళ్తారు. అటు ఆహార భద్రత కార్డున్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం. ఇటు అంత్యోదయ, ప్రాధాన్య కార్డులవారికి 5 లక్షలు, తక్కిన రేషన్ కార్డులవారికి 50 వేలు. ఈ రెండు కుటుంబాలూ వియ్యంకులు కావచ్చు, ఒకే తోటలో కూలి చేస్తుండవచ్చు. సరిహద్దు గీతను బట్టి వాళ్లకు దొరికే సాయం మారిపోతోంది.

ఇది ఎలా ఇక్కడిదాకా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. 2008లో కేంద్రం రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన తెచ్చింది. కుటుంబంలో అయిదుగురికి ఏడాదికి 30 వేలు, నమోదుకు 30 రూపాయలు, చేతికో స్మార్ట్ కార్డు. టెండరులో గెలిచిన బీమా కంపెనీకి ప్రభుత్వం ప్రీమియం కట్టేది. ఆ పథకంలోకి రాని కుటుంబాల కోసం 2012లో ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి స్వాస్థ్య బీమా యోజన పెట్టింది. 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. 2020 జనవరిలో ఈ రాష్ట్రం డాక్టర్ ఖూబ్‌చంద్ బఘేల్ పేరుతో కొత్త పథకం ప్రారంభించి, బీమా కంపెనీలను పక్కనపెట్టి ఆసుపత్రులకు తానే నేరుగా చెల్లించే పద్ధతికి మారింది. ఇప్పుడు ఆ పథకం షహీద్ వీర్ నారాయణ్ సింగ్ పేరున నడుస్తోంది.

తెలుగు నేల మీదా దారి ఇలాగే సాగింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో ఒక ప్రైవేటు బీమా కంపెనీతో మొదలైంది. 2008లో రెండో విడత చికిత్సలను ట్రస్టే నేరుగా చేపట్టింది, తర్వాత మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చక్రం మళ్లీ తిరుగుతోంది. 2025 సెప్టెంబరులో అక్కడి మంత్రివర్గం రెండింటినీ కలిపిన పద్ధతిని ఆమోదించింది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు భరించాలని నిర్ణయం.

ఇక బ్రోకర్ల మాట. ఏజెంటు బీమా కంపెనీ మనిషి. బ్రోకరు కొనేవాడి తరఫు మనిషి. పది కంపెనీల పాలసీలు పోల్చి చెప్పడం, క్లెయిమ్ ఆగితే వెంటపడటం అతని పని. అయితే అతనికి జీతం లాంటి బ్రోకరేజి బీమా కంపెనీయే ఇస్తుంది. మన బ్యాంకులు కార్పొరేట్ ఏజెంట్లు. 2022 నుంచి ఒక్కో రకం బీమాలో తొమ్మిది కంపెనీల దాకా ఒప్పందం పెట్టుకోవచ్చు.

బ్రోకర్ల వాదనలు మూడు. మొదటిది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తే మా దగ్గర కొనేవారెవరు అని. రెండోది, ట్రస్టు పద్ధతిలో రోగి తరఫున మాట్లాడేవాడు లేడని. పాలసీ ఉంటే అది ఒప్పందం. క్లెయిమ్ కాదంటే కారణం రాసి ఇవ్వాలి, అన్యాయమనిపిస్తే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. మూడోది, ఖజానాలో డబ్బు లేకపోతే వైద్యం ఆగుతుందని. 2025లో బకాయిలు రాలేదని తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపిన సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు.

రెండో, మూడో వాదనల్లో పస ఉంది. కాని బీమా కంపెనీ మధ్యలో ఉంటే అంతా సవ్యమని చెప్పలేం. 2012లో ఇదే రాష్ట్రంలో, స్మార్ట్ కార్డుల రోజుల్లో, అవసరం లేకపోయినా పేద స్త్రీలకు గర్భసంచి తీసేశారన్న ఆరోపణలు దేశమంతా వార్త అయ్యాయి. కార్డులో డబ్బుంది, ఆపరేషన్ చేస్తే వస్తుంది. చెల్లించేది కంపెనీ అయినా, ట్రస్టు అయినా, ఆసుపత్రిని తనిఖీ చేసేవారు లేకపోతే నష్టపోయేది ఆ తల్లే.

మొదటి వాదన దగ్గర బ్రోకర్లతో నేను ఏకీభవించను. మేనేజ్‌మెంట్ చదువులో మాకు చెప్పిన సూత్రం ఒకటుంది. బీమా ఎవరిష్టానికి వారికి వదిలేస్తే, జబ్బున్నవాళ్లే ముందుగా చేరతారు. ఖర్చు పెరిగి ప్రీమియం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తప్పుకుంటారు. ప్రీమియం ఇంకా పెరుగుతుంది. ఇది మన ఇళ్లలో తెలిసిన సంగతే. 2015 పదో ద్వైపాక్షిక ఒప్పందం తర్వాత వచ్చిన గ్రూపు పాలసీలో పదవీ విరమణ చేసినవారి ప్రీమియం ఎలా పెరిగిందో మీ నాన్నగారినో, మామగారినో అడగండి. ఆ గుంపులో అందరూ పెద్దవయసువారే. ప్రభుత్వ పథకంలో పసిపిల్లలు, పడుచువాళ్లు, ముసలివాళ్లు, అందరూ ఒకే గుంపు. పాత జబ్బుకు నిరీక్షణ కాలం లేదు. ప్రైవేటు పాలసీలో ఆ కాలం మూడేళ్ల దాకా ఉండవచ్చు. పేదవాడికి బ్రోకరు ఇంతకన్నా మంచి బేరం తేలేడు.

మరి బ్రోకరుకు, మనకు పని ఎక్కడ? ప్రభుత్వ కార్డు రాక, కంపెనీ గ్రూపు బీమా లేక మధ్యలో మిగిలినవారి దగ్గర. దేశ జనాభాలో వీరు దాదాపు 30 శాతమని 2021లో నీతి ఆయోగ్ చెప్పింది. చిన్న కిరాణా కొట్టువాళ్లు, లారీ యజమానులు, ఇక్కడ 50 వేల హద్దులో ఉన్న రేషన్ కార్డుదారులు వీరిలోకి వస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ పోయింది, వీరికది మేలు. అయితే పన్ను పోయాక చాలా కంపెనీలు కమీషన్లలో కోత పెట్టాయి. బ్రోకర్లకు అదే గుబులు. మనకూ ఆ ఆదాయం తగ్గుతుంది, టార్గెట్టు మాత్రం తగ్గదు.

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. మార్చి నెలాఖరు వస్తుంది. పై ఆఫీసు నుంచి ఫోన్లు వస్తాయి. మిరప కూలీ డబ్బు జమ అయిన ఖాతాదారు ఎదురుగా నిలబడతాడు. అంత్యోదయ కార్డున్న ఆ మనిషికి 5 లక్షల పాలసీ అంటగడితే మన పట్టికలో ఒక అంకె పెరుగుతుంది, అతని ఇంట్లో ఓ నెల తిండి తగ్గుతుంది. అందుకని సిబ్బందికీ, బ్యాంకు మిత్రలకూ నా విన్నపాలు కొన్ని.

పాలసీ మాట ఎత్తకముందు ఆయుష్మాన్ కార్డు ఉందా అని అడగండి. లేకపోతే ముందు అది తీయించండి. ఇంట్లో 70 ఏళ్లు దాటినవారుంటే, 2024 అక్టోబరు నుంచి వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల కార్డు వస్తుందని చెప్పండి. మన తల్లిదండ్రులకూ అది వర్తిస్తుంది.

నది దాటి వైద్యానికి వెళ్లేవారు బయల్దేరేముందు 14555కు ఫోన్ చేసి, తమ కార్డు అక్కడి ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో కనుక్కోవాలి. కేంద్రం జాబితాలో ఉన్న కుటుంబానికి వేరే రాష్ట్రంలోనూ వైద్యం దొరుకుతుంది. రాష్ట్రం తన ఖర్చుతో చేర్చుకున్న కుటుంబం ఈ సంగతి తప్పక అడిగి తెలుసుకోవాలి.

50 వేల హద్దున్నవారికి సూపర్ టాప్-అప్ గురించి చెప్పండి. కొంత మొత్తం దాటాకే అది పనిచేస్తుంది కాబట్టి ప్రీమియం తక్కువ. ప్రభుత్వ కార్డు చెల్లించినది ఆ మొత్తంలో కలుపుతారా అన్నది కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మిన తర్వాత క్లెయిమ్ ఆగితే, ఈ రాష్ట్రంవారికి అంబుడ్స్‌మన్ కార్యాలయం భోపాల్‌లో ఉందనీ, తెలుగు రాష్ట్రాలవారికి హైదరాబాద్‌లో ఉందనీ చెప్పి, దరఖాస్తు రాయడంలో సాయపడండి. మంచి బ్రోకరు చేసే పని అదే. కమీషను మనం తీసుకుంటున్నాం గనుక ఆ పనీ మనం చేయాలి.

ఈ సభ అయ్యాక బయట బల్ల దగ్గర కార్డులు చూస్తాం. ఆధార్, రేషన్ కార్డు తెచ్చినవారు వరుసలోకి రండి. ఈ రోజు పాలసీ ఫారాలు తేలేదు, కావాలనే తేలేదు. ముందు ఎవరికి ఏముందో తేల్చుకుందాం.