పద్దెనిమిది పెన్నీల రూపాయి

ఎవరి పేరిట ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు బడిలో వడ్డీ లెక్కలు చెప్పినవారు. అందుకని కాస్త లెక్కలున్న సంగతే ఎంచుకున్నాను: రూపాయి మారకపు రేటు ఈ కృష్ణా, గోదావరి డెల్టాకు, కొల్లేటి సీమకు ఏం చేసిందన్నది.

ముందు మన గుమ్మం ముందరి మారకం చూద్దాం. ఏలూరు నుంచి చింతలపూడి దాటి అశ్వారావుపేట వైపు వెళితే 1948 దాకా అది నిజాం రాజ్యం. అటు నిజాం రూపాయి హాలీ సిక్కా, ఇటు బ్రిటిషు రూపాయి కల్దారు. చివరి దశాబ్దాల్లో స్థిరపడిన లెక్క ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. అంటే నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు. మన చదివింపుల నూటపదహార్లు ఈ మారకంలోంచే పుట్టాయని ఒక కథ చెబుతారు. నాకు నమ్మకం లేదు. అదే నిజమైతే నూటపదహారు చేతిలో పెట్టిన ప్రతి పెద్దమనిషీ పది అణాల ఎనిమిది పైసలు ఎగ్గొట్టినట్టే! 1947 నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక కుదిరిన కొద్దికాలానికే తన రాజ్యంలో భారత కరెన్సీ చెల్లదని నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఢిల్లీకి కోపం తెప్పించిన పనుల్లో అదొకటి. 1950ల్లో హాలీ సిక్కా చెలామణి ముగిసింది. సరిహద్దు దాటే మనిషికి ఈ రేటు తెలుసు, తెలియకపోతే సాగదు. కనబడే రేటుతో బేరమాడవచ్చు.

కనబడని రేటు ఇంకొకటి ఉండేది. అది రూపాయికీ పౌనుకూ మధ్య లండన్‌లో తేలేది.

1851లో లండన్ మహాప్రదర్శనకు ఏలూరు తివాచీలు వెళ్లాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. అప్పటికి రూపాయి సుమారు రెండు షిల్లింగులు, అంటే పౌనుకు పది రూపాయలు. 1870ల్లో జర్మనీ వంటి దేశాలు బంగారానికి మారాయి, అమెరికా గనుల్లోంచి వెండి వెల్లువెత్తింది. వెండి రూపాయి జారిపోతూ 1890ల తొలినాళ్లకు 15 పెన్నీల దరికి చేరింది. పౌనుకు పదహారు రూపాయలన్నమాట. లండన్‌లో అదే ధర పలికినా ఇక్కడికి ఆరు రూపాయలు ఎక్కువ రావాలి. అందులో తివాచీ నేసే తంగెళ్లమూడి మగ్గం దాకా ఎంత వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మధ్యలో ఎన్ని చేతులున్నాయో చూస్తే చాలు. దొరలకు మాత్రం ఈ పతనం కష్టమైంది. లండన్‌కు కట్టవలసిన హోం చార్జీలు పౌనుల్లో ఉండేవి. 1893లో వెండి తెచ్చినవారికల్లా రూపాయలు ముద్రించి ఇవ్వడం టంకశాలల్లో ఆపేశారు. తర్వాత 16 పెన్నీల దగ్గర నిలబెట్టారు.

అసలు కథ 1926లో. కరెన్సీ మీద వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ రూపాయిని 18 పెన్నీలు చెయ్యమంది, మరుసటి ఏడు చట్టమైంది. కమిషన్‌లోనే పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ ఒప్పుకోక 16 పెన్నీలే ఉంచాలని విడిగా రాశారు. రెండు పెన్నీలకు అంత గొడవేమిటి? పౌనుకు 240 పెన్నీలు. 16 లెక్కన పౌనుకు 15 రూపాయలు. 18 లెక్కన 13 రూపాయల 5 అణాల 4 పైసలు. రూపాయి బలపడింది, కానీ సరుకు అమ్మేవాడికి పౌనుకు రూపాయి పది అణాల ఎనిమిది పైసలు తగ్గింది. వేరుశనగ, తోళ్లు, పొగాకు అమ్మేవారికి దెబ్బ నేరుగా తగిలింది. మన ధాన్యం లండన్ వెళ్లేది కాదు గానీ, పై ధరలు పడితే సంతలో ధర నిలబడదు. అప్పూ శిస్తూ మాత్రం రూపాయల్లో అలాగే ఉన్నాయి. అలాగే ఉన్నాయనడం కూడా తప్పే. ఆ రోజుల్లోనే కృష్ణా, గోదావరి జిల్లాల రీసెటిల్‌మెంటులో శిస్తు 18¾ శాతం, రూపాయికి మూడణాలు, పెంచారు. ఎన్.జి. రంగా వంటివారు రైతుల్ని కూడగట్టింది దీని మీదే.

ఆ తర్వాత మాంద్యం. ధాన్యం ధర దాదాపు సగానికి పడింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారాన్ని వదిలేసినా రూపాయిని మాత్రం పౌనుకు 18 పెన్నీల దగ్గరే కట్టేశారు. అప్పులు తీర్చడానికి ఇళ్లలోని బంగారం అమ్ముడై, దేశమంతటి నుంచీ బొంబాయి మీదుగా ఓడలెక్కింది.

1930 జనవరిలో గాంధీగారు ప్రకటించిన పదకొండు కోర్కెల్లో ఉప్పు పన్ను రద్దు ఒకటి, భూమిశిస్తు సగానికి తగ్గించడం ఒకటి, రూపాయిని 16 పెన్నీలకు దించడం మరొకటి. ఉప్పు ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. పెన్నీలను మరిచిపోయాం.

మరిచిపోబట్టే 1947లో డాలరుకు ఒక రూపాయి అనే అబద్ధం ఫోన్లలో తిరుగుతోంది. పౌనుకు 13.33 రూపాయలు, పౌనుకు 4.03 డాలర్లు, భాగిస్తే డాలరుకు 3.31 రూపాయలు. ఐదో తరగతి లెక్క. 1949లో పౌనుతో పాటు తగ్గి 4.76 అయింది, 1966 జూన్ 6న 7.50 అయింది. 1991 జులైలో మళ్లీ రెండు విడతలు తగ్గించారు. 1993 నుంచి రేటు మార్కెట్టుదే.

ఇప్పుడు కొల్లేటి సీమకు వద్దాం. కైకలూరు, ఆకివీడుల నుంచి ఐసు పెట్టెల్లో కలకత్తా వెళ్లే శీలావతి, బొచ్చె రూపాయి చేపలు. వనామీ రొయ్య డాలరుది. 2009లో దాని సాగుకు అనుమతి వచ్చాక చెరువు గట్టు నేరుగా అమెరికా బజారుకు ముడిపడింది. రూపాయి పడితే రైతుకు లాభమనే మాట సగమే నిజం. తల్లి రొయ్యలు ఎక్కువగా విదేశాల నుంచే రావాలి, వాటికి డాలర్లే కట్టాలి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచింది. డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. ఒక చేత్తో వచ్చింది, రెండో చేత్తో పోయింది.

నా అభ్యర్థన ఒక్కటే. రైతు సంఘాలూ కొనుగోలుదార్లూ రోజూ ప్రకటించే 30 కౌంటు, 100 కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధరల పక్కన ఆ నాటి డాలరు రేటు కూడా రాయించండి. రేటు మారిన రోజున రొయ్య ధర ఎందుకు మారలేదని రైతు అడగగలగాలి.