పత్తర్‌గట్టి కమాన్ల కింద

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమని పిలిచినప్పుడు బడి జ్ఞాపకాలు చెప్పమంటారనుకున్నాను. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు ఈ సభలో పది మంది కూర్చున్నారు. నేను సివిల్ ఇంజనీరును. నాకు తెలిసింది రాయి, సున్నం, సిమెంటు. అందుకని ఒక కట్టడం గురించి చెబుతాను. మీలో చాలామంది దాని కింద నుంచి నడిచే ఉంటారు, తల ఎత్తి చూసి ఉండకపోవచ్చు.

అమ్రాబాద్ నుంచి పట్నం పోవడమంటే మా తరానికి గౌలిగూడ బస్‌స్టాండే. ఆ పెద్ద రేకుల గుమ్మటం 2018లో కూలిపోయింది, ఇప్పటి పిల్లలకు ఫొటోల్లో చూపించాలి. అక్కడ దిగి, అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ ఎక్కి మూసీ దాటితే మదీనా చౌరస్తా. పెండ్లి బట్టలకు పోయినవాళ్లు అక్కడి నుంచి చార్మినార్ దిక్కు నడిచేవాళ్లు. ఆ దారికి రెండు పక్కలా రాతి కమాన్ల వరుస. కమాన్ల వెనుక కొట్లు, కొట్ల మీద మేడ. అదే పత్తర్‌గట్టి. ఉత్తరాన మదీనా దగ్గర మొదలై దక్షిణాన మచ్లీ కమాన్ దాకా పోతుంది. అది దాటితే గుల్జార్ హౌజ్, ఆ తర్వాత చార్మినార్.

చార్మినార్ కట్టింది 1591లో. నగరం పుట్టినప్పటి నుంచీ ఈ దారి ఉంది. ఇప్పుడు మనం చూసే రాతి వరుస మాత్రం అంత పాతది కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది పోయారు. మరుసటి ఏడు విశ్వేశ్వరయ్య గారు వచ్చి వరద ఆపడానికి పైన జలాశయాలు కట్టాలని, నగరంలో మురుగు పారుదల బాగుచేయాలని చెప్పారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసి ఇండ్లు కట్టడం, సందులను రోడ్లుగా వెడల్పు చేయడం దాని పని. రోడ్డు వెడల్పు చేయడమంటే ఇవాళ మనకు తెలిసింది ఒకటే: జేసీబీ వచ్చి ముందరి గోడలు కొట్టేసి పోతుంది, మిగిలిన సగం ఇల్లు పండ్లూడిన నోరులాగా రోడ్డు వైపు తెరుచుకుని ఉంటుంది. ఆ బోర్డు రోడ్డును వెడల్పు చేయడమే కాదు, రోడ్డుకు అంచు కూడా కట్టింది. ఆ అంచే పత్తర్‌గట్టి.

ఇక ఇంజనీరుగా నాకు నచ్చిన సంగతికి వస్తాను.

ఆ రాయి గ్రానైట్, మనం నల్లరాయి, గుండురాయి అని పిలుచుకునే జాతే. ఒక ఘనమీటరు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. పైనుంచి ఎంత బరువు పెట్టినా మోస్తుంది, మంచి రాయి అయితే చదరపు సెంటీమీటరుకు వెయ్యి కిలోలకు పైనే. అదే రాయిని లాగితే మాత్రం అందులో పదో వంతు బలం కూడా ఉండదు. పాత గుళ్లలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా. రెండు స్తంభాల మీద రాతి దూలం అడ్డంగా పెడితే దాని అడుగుభాగం సాగుతుంది, దూరం పెరిగితే పగులుతుంది. కొట్టుకేమో వెడల్పు కావాలి, బట్టల మూటలు పోవాలి, గిరాకీ లోపలికి రావాలి. అందుకే కమాను. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని ఒత్తుతుంది, ఏ రాయినీ ఎవరూ లాగరు. రాయికి చేతనైన పనే దానికి అప్పగించారు.

అయితే కమానుకు ఒక గుణం ఉంది. అది బరువును కిందికే కాదు, పక్కకు కూడా నెడుతుంది. ఒంటరి కమానుకు రెండు వైపులా బలమైన గోడ కావాలి. కమాన్లను వరుసగా కడితే ఈ కమాను కుడికి నెట్టేది, పక్క కమాను ఎడమకు నెట్టేది నడిమి కంబం దగ్గర సరిసమానమవుతాయి. అందుకే నడిమి కంబాలు సన్నగా ఉన్నా సరిపోతుంది. పక్కకు నెట్టే బలమంతా చివరి కంబాల మీద పడుతుంది. బడిలో ప్రార్థనకు వరుసగా నిలబడ్డప్పుడు మనం ఒకరినొకరు భుజాలతో నెట్టుకునేవాళ్లం, గుర్తుందా? నడిమివాళ్లు పడరు. చివర ఉన్నవాడు గోడకు ఆనుకోవాలి. ఇప్పుడు నడిమి నుంచి ఒకణ్ని లాగేయండి!

అసలు చెప్పదలచింది ఇదే. కొట్ల వరుసలో కొట్టు ఒకరిది, కంబం ఇద్దరిది, వరుస అందరిది. ఇదేదో నీతివాక్యమనుకోకండి, బరువులు లెక్కవేస్తే వచ్చే జవాబు. ఒక దుకాణదారు షట్టరుకు అడ్డమని కంబాన్ని ఆరంగుళాలు చెక్కిస్తే, నాలుగు కొట్ల అవతల పైఅంతస్తు గోడలో బీట పడొచ్చు. ఆ బీట పడ్డ ఇంటాయన తన మేస్త్రీని తిడతాడు. ఇలాంటి పాత వరుసలు చూడమని నన్ను పిలిచినప్పుడల్లా నేను మొదట అడిగేది బీట ఉన్న ఇంటి గురించి కాదు, పక్కవాళ్లు ఏం మార్చారని.

రెండోది సున్నం. పాతకాలం రాతిపని సున్నంతో చేసేవాళ్లు. డంగు సున్నం రాయికంటే మెత్తన. ఎండకు వానకు కట్టడం కొంచెం కదిలితే అతుకు దగ్గర సన్నగా విచ్చుకుంటుంది, రాయి పగలదు. లోపలి తేమ సున్నం గుండా బయటికి వచ్చి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే చూడ్డానికి గట్టిగా ఉంటుంది గాని, తేమ బయటికి రాక లోపలి పాత సున్నంలోనే నిలుస్తుంది, మెల్లగా దాన్ని పొడి చేస్తుంది. పాత కట్టడాలకు సిమెంటు చేసినంత హాని వాన కూడా చేయలేదని నా అభిప్రాయం. సిమెంటు అమ్మేవాళ్లు ఈ సభలో ఉంటే మన్నించాలి.

మూడోది నీడ. పత్తర్‌గట్టి దారి ఉత్తర దక్షిణాలుగా ఉంది. అంటే కొట్ల ముఖాలు ఒక పక్క తూర్పుకు, ఇంకో పక్క పడమటికి. మన ఎండలకు ఇది చెడ్డ దిక్కే. పొద్దున ఒక వరుసకు, సాయంత్రం ఇంకో వరుసకు ఎండ నేరుగా కొడుతుంది. బట్టల వ్యాపారికి ఎండ శత్రువు, రంగు వెలిసిపోతుంది. కమాన్ల వెనుక నడవా ఉండటం వల్ల కొట్టు లోపలికి జరిగింది, ఎండ నడవాలోనే ఆగింది. నడిచే మనిషికీ నీడ దొరికింది. వాన పడ్డా ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు తడవకుండా పోవచ్చు. కొనకపోయినా ఎవరూ వెళ్లిపొమ్మనరు, ఎందుకంటే ఆ నడవా కొట్టువాడిది కాదు.

ఈ నడవా ఉపాయం లోకంలో చాలాచోట్ల ఉంది. ఇటలీలో బొలోనా నగరం 1288లోనే కొత్త ఇండ్లన్నిటికీ ముందు నడవా ఉండి తీరాలని చట్టం చేసింది. ఇల్లు ఎవరిదైనా కట్టుకోవచ్చు, నడవా మాత్రం వదలాలి. ఇవాళ అక్కడి నడవాల మొత్తం పొడవు 62 కిలోమీటర్లు, 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సింగపూర్‌లో ఉన్న మనవాళ్లు కొట్ల ముందు ఐదడుగుల దారి చూసే ఉంటారు, 1822లో రాఫెల్స్ పెట్టిన నియమం అది. మన హైదరాబాద్‌లో చట్టంతో పని లేకుండా బోర్డే మొత్తం కట్టి ఇచ్చింది. ఒకే చెయ్యి కట్టింది కాబట్టి కొలత తప్పలేదు. కట్టిన చెయ్యి వెళ్లిపోయాక చూసుకునే చెయ్యి లేకపోవడమే చిక్కు.

ఇవాళ పోయి చూడండి. కమాన్ల ముందు బోర్డులు, బోర్డుల ముందు తీగలు, నడవాలో సరుకు. రాయి ఇంకా అక్కడే ఉంది, కనిపించడమే తక్కువ. ఆ పక్కనే ఉన్న దివాన్ దేవిడీ సంగతి మీకు తెలుసు. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదట తెరిచింది ఆ భవనంలోనే. ఇప్పుడు అక్కడ బట్టల మార్కెట్లు, పాత దర్వాజ మాత్రం మిగిలింది. బాగుచేయడం చేతకాదని కూడా అనలేం. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ మన కళ్లముందే పాడుపడింది, మన కళ్లముందే బాగుపడి 2020 ఆగస్టులో మళ్లీ తెరుచుకుంది. అదీ గ్రానైటే, అదీ కొట్లే.

ఇదంతా అమ్రాబాద్‌లో ఎందుకు చెబుతున్నానంటే, మన ఊళ్ల పాత అంగళ్లలోనూ ఈ తెలివే ఉంది. రాతిగోడ, కర్ర మొగురాలు, ముందు పంచ, పంచలో అరుగు. కమాను లేదు, కర్ర దొరికే ప్రాంతం కాబట్టి అక్కర లేదు. ఒక కొట్టు పంచ ఇంకో కొట్టు పంచకు ఆనుకుని ఉంటుంది, నడిమి గోడ ఇద్దరిదీ. సంతకు వచ్చిన చెంచు పెద్దమనిషి ఎండకు కూర్చునేది ఆ అరుగు మీదే, అరుగు ఓనరును అడగకుండానే. ఈ సభలో అలాంటి కొట్లున్న కుటుంబాల వాళ్లు ఉన్నారు. పైన ఇంకో అంతస్తు వేయాలని, పంచ తీసి షట్టరు ముందుకు జరపాలని కొందరు నన్నే సలహా అడిగారు. వద్దని చెప్పే హక్కు నాకు లేదు, అద్దె నేను కట్టను. నడిమి గోడ ముట్టుకునే ముందు మాత్రం పక్క కొట్టాయనను కూర్చోబెట్టుకుని మాట్లాడండి. పంచ తీసేముందు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఒక కాగితం మీద గీయించండి.

ఆ గీసే పని బడి పిల్లలతో చేయించవచ్చని హెడ్‌మాస్టరు గారితో ఇప్పుడే అన్నాను, వారు సరేనన్నారు. తొమ్మిది, పదో తరగతి పిల్లలకు టేపు పట్టడం, స్కేలుకు గీయడం ఒక పూటలో నేర్పవచ్చు, లెక్కల సారు ఒప్పుకుంటే. ఎండాకాలం సెలవులకు ముందు రెండు ఆదివారాలు నేను వస్తాను. కొట్ల వాళ్లు ఆ రెండు రోజులు పిల్లలను లోపలికి రానిస్తే చాలు, ఛాయ్ మేమే తెచ్చుకుంటాం.