పాత కారుకు ఏ థర్మోస్టాట్ తగును?

(జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కరువు భత్యం గురించీ, పింఛను గురించీ మాట్లాడవలసిన మనిషి కారు ఇంజిన్‌ను గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు నవ్వుకొంటున్నారు. కారణం వున్నది. పదవీ విరమణ చేసిన మనవారు గ్రాట్యుటీ సొమ్ముతో కొన్న పాత అంబాసిడర్లు నేటికీ కొన్ని ఇళ్ల ముందు వున్నాయి. ఉత్తరపారా కర్మాగారంలో వాటి తయారీ 2014లో నిలిచిపోయింది. ఇక పాడైన ఇంజిన్‌కు బదులు కొత్తది దొరకదు. వున్నదానినే కాపాడుకోవాలి.

మా నాన్నగారు ఆగ్నేయ రైల్వే చక్రధర్‌పూర్ డివిజన్‌లో గార్డుగా పనిచేసి 1991లో విరమించారు. 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్ ఒకటి కొన్నారు. 1994 మే నెలలో ఘాట్శిలా దారిలో రేడియేటర్ మరిగి బండి ఆగిపోయింది. ఒక మేస్త్రీ వచ్చి చూచి, "ఇది చలిదేశాల వాళ్లకు బాబూ, మన ఎండలకు దీనితో పనేమిటి?" అని థర్మోస్టాట్ పీకి అవతల పారవేశాడు. పక్కనే వున్న నేను తల ఊపాను. పట్టభద్రుణ్ణి, అడగవలసిన ప్రశ్న మాత్రం అడగలేదు.

ఆ చలికాలమంతా హీటు ముల్లు లేవకముందే ఆయన స్టేషనుకు వెళ్లి తిరిగి వచ్చేవారు. ఆయిలు చూసే కడ్డీ పెట్రోలు వాసన కొట్టేది. మరుసటి మే నెలలో బండి మళ్లీ మరిగింది! రేడియేటర్ విప్పించి చూస్తే గొట్టాలు సగానికి సగం సున్నపు పొరతో పూడివున్నాయి. అసలు రోగం అది. రెండేండ్లకు నీలిపొగ మొదలైంది. బోరు చేయించి పిస్టన్లు మార్చవలసి వచ్చింది. ఆ ఖర్చు మా చెల్లెలి పెండ్లికి దాచిన సొమ్ములో నుంచి పోయింది.

ఎందువల్ల ఇట్లా జరిగింది? థర్మోస్టాట్ అనేది ఇంజిన్‌లోని నీరు రేడియేటర్‌కు పోయే దారిలో వున్న తలుపు. దానిమీద 82 అని ముద్ర వున్నట్లయితే 82 డిగ్రీల సెంటిగ్రేడ్ వద్ద తెరుచుకోనారంభించి, మరి పది పదిహేను డిగ్రీలకు పూర్తిగా తెరుచుకొంటుంది. కామ్రేడ్స్, ఇది కనీస వేతనం వంటిది. ఇంతకన్న దిగరాదని చెప్పును గాని, ఇంతకన్న పైకి పోరాదని చెప్పదు. పై హద్దును కాపాడవలసినవి రేడియేటర్, ఫ్యాను, పంపు. అవి పాడైనప్పుడు వాల్వును నిందించి ప్రయోజనం లేదు.

ఇంజిన్ చల్లగా నడిస్తే పెట్రోలు పూర్తిగా ఆవిరికాక సిలిండరు గోడలపైని ఆయిలు పొరను కడిగివేస్తుంది. దహనంలో పుట్టిన నీటి ఆవిరి అక్కడే చెమ్మగా మారి ఆమ్లాలకు తావిస్తుంది. వేడెక్కని ఇంజిన్‌పై భారం వేయరాదని డీజిల్ షెడ్డులలో పనిచేసిన మన సోదరులకు నేను చెప్పవలసిన పనిలేదు. డబ్ల్యు.డి.ఎం. 2 ఇంజిన్‌లో రేడియేటర్ ఫ్యాను సైతం నీటి వేడిని గమనించే స్విచ్చుల ఆజ్ఞకు లోబడే తిరుగుతుంది. లక్షల ఖరీదు చేసే ఇంజిన్‌కు అవసరమైన కట్టుబాటు మన కారుకు అక్కరలేకపోతుందా?

ఇక ఎంపిక విషయం. కారు పేరొక్కటే చెప్పి వాల్వు కొనవద్దు. అంబాసిడర్‌లోనే పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజిన్ వున్నది, డీజిల్ వున్నది, 1992 నుంచి వచ్చిన ఇసుజు 1800 ఇంజిన్ వున్నది. ఆ 1489 పెట్రోలు ఇంజిన్ బ్రిటిష్ బి.ఎం.సి. వారి బి శ్రేణికి చెందినది. ఈ శ్రేణికి సరిపడే వాల్వు వ్యాసం 54 మిల్లీమీటర్లు. అయినప్పటికీ పాతది తీసుకొని వెళ్లి పక్కన పెట్టి చూచుకోవటమే క్షేమం.

దీనికి 74, 82, 88 డిగ్రీల రకాలు దొరుకుతాయి. 88 చలిదేశాలకు, మనకు వద్దు. తక్కిన రెండింటి మధ్య చాలామంది 74 వైపు మొగ్గుతారు, బండి చల్లగా వుంటుందని. మే నెల మధ్యాహ్నం నీరు 95 డిగ్రీల వద్ద వున్నప్పుడు ఆ రెండు తలుపులూ దాదాపు బార్లా తెరిచే వుంటాయి. తేడా కనిపించేది జనవరి ఉదయాన. కావున ఇంజిన్ పుస్తకంలో వ్రాసిన అంకెనే పాటించండి. పుస్తకం పోయినట్లయితే జంషెడ్‌పూర్‌లో 82 అని నా అభిప్రాయం. విజయనగరం వైపు ఏడాది పొడవునా నిండు బరువుతో టాక్సీ నడిపేవారు 74 పెట్టుకొన్నా నేను తప్పుపట్టను.

పాతకాలపు బెల్లోస్ రకం, మైనం రకం అని మరొక భేదం వున్నది. బెల్లోస్ రకంలో త్వరగా ఆవిరయ్యే ద్రవం వుంటుంది. రేడియేటర్ మూత బిగించి పెంచే ఒత్తిడి దాని కదలికను అడ్డుతుంది. 1930ల దశకంలో సెర్జియస్ వెర్నే రూపొందించిన మైనపు గుళిక ఆ ఒత్తిడిని లెక్కచేయదు. అదే కొనండి. ఐతే బెల్లోస్ చిల్లుపడితే సాధారణంగా తలుపు తెరుచుకొని వుండిపోతుంది. మైనం కారిపోతే మూసుకొనిపోతుంది, బండి మరుగుతుంది. అందువల్ల ముల్లు మీద కన్ను వుండాలి. బిగించేటప్పుడు గుళిక ఇంజిన్ వైపుకే వుండవలెను. కొత్త గ్యాస్కెట్టు మరువవద్దు.

కొత్తదాన్ని సైతం పరీక్షించకుండా బిగించవద్దు. గిన్నెలో నీళ్లుపోసి, వాల్వును అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి పొయ్యి వెలిగించండి. వంటింటి గిన్నె కావున ఇంట్లో అనుమతి ముందుగా తీసుకోండి. గత సంవత్సరం నేను కొన్న రెండింటిలో ఒకటి సరిగ్గా తెరుచుకొన్నది. రెండవదాని మీద 82 అనే ముద్ర వున్నది గాని నీరు 95 దాటినా కదలలేదు. చూపించగా దుకాణదారు మారుమాట లేకుండా మార్చి యిచ్చాడు. మొదటిది ఇప్పుడు నాన్నగారి బండిలో వున్నది. బయట నిలిపివుంచాను, సభ తరువాత బానెట్ ఎత్తి చూపిస్తాను.